అక్టోబర్ వచ్చినా కొత్త ఇంట్లో ఫర్నేస్ వెలగట్లేదు, కిటికీలకు మాత్రం చెమ్మ. ఇది మామూలేనా? (కాల్గరీ)

కొత్తగూడు:

నమస్కారం అండీ. ఈ వేసవిలో కెనడాలోని కాల్గరీలో కొత్త ఇంట్లోకి మారాం. అంతకుముందు అద్దెకున్నది 1970ల నాటి ఇల్లు. అక్కడ సెప్టెంబర్ నెలాఖరుకే ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ గంటకోసారి వెలిగేది. ఇక్కడ రాత్రిళ్లు 2–3 డిగ్రీలకు పడిపోతోంది, పగలు 14–15 ఉంటోంది. థర్మోస్టాట్ 20 మీద పెట్టాం, ఫర్నేస్ ఇంతవరకు ఒక్కసారీ వెలగలేదు. సాయంత్రం హాల్లో 22.5 దాకా ఉంటుంది, పొద్దున ఆరింటికి 20.5 చూపిస్తోంది.

ఇంటి వివరాలు: రెండంతస్తులు, 2,200 చదరపు అడుగులు, కింద బేస్‌మెంట్. 2×6 గోడలు, వాటి బయటివైపు 3 అంగుళాల మినరల్ వూల్ బోర్డు. ఆటిక్‌లో (పైకప్పు కింది అటక) ఆర్-60 సెల్యులోజ్ ఇన్సులేషన్ (ఆర్ అంటే వేడిని ఆపే శక్తి, ఎక్కువైతే మంచిది). కిటికీలు మూడు అద్దాలవి, దక్షిణం వైపు కాస్త ఎక్కువ. బ్లోయర్ డోర్ టెస్ట్‌లో (ఫ్యాన్‌తో 50 పాస్కల్ ఒత్తిడి తేడా పెట్టి ఇల్లు ఎంత బిగుతో చూసే పరీక్ష) 1.0 ఏసీహెచ్50, అంటే గంటకు ఒకసారి గాలి మారేంత, వచ్చిందని బిల్డర్ కాగితం ఇచ్చారు. హెచ్‌ఆర్‌వీ (బయటికిపోయే గాలి వేడిని లోపలికొచ్చే తాజా గాలికి అందించే యంత్రం) ఉంది. ఫర్నేస్ గంటకు 60,000 బీటీయూ (వేడి కొలత), రెండు స్టేజీల (తక్కువ, ఎక్కువ మంట) గ్యాస్‌ది. మేం నలుగురం, ఇద్దరు చిన్నపిల్లలు. రోజూ రెండుపూటలా వంట.

నా సందేహాలు:

1. థర్మోస్టాట్ పాడైందా, లేక ఇలాగే ఉంటుందా?
2. రాత్రి 16కి తగ్గిస్తే గ్యాస్ బాగా కలిసొస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
3. పొద్దున్నే బెడ్‌రూమ్ కిటికీల అడుగున లోపలివైపు తడి కనిపిస్తోంది. ఇంకో రెండు కిటికీలకేమో బయటివైపు మంచు పట్టినట్టు మసకబారుతోంది. కొత్త కిటికీలు అప్పుడే పోయాయా?
4. తెల్లారేసరికి బెడ్‌రూమ్‌లో గాలి బరువుగా, ఉక్కగా అనిపిస్తోంది. వేడి వల్లా, ఇంకేమైనానా?

తూకం:

మొదటి ప్రశ్న వరకు చెప్తానండీ. ఫర్నేస్‌కీ థర్మోస్టాట్‌కీ ఏం కాలేదు. 20 కంటే కిందికి దిగితేనే అది వెలుగుతుంది, మీ ఇల్లు 20 కిందికి దిగట్లేదు. ఎందుకు దిగట్లేదో లెక్కేసి చూస్తే ఈ చలికాలమంతా ఏం ఆశించాలో తెలిసిపోతుంది.

లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఇంట్లోంచి ఎన్ని వాట్లు బయటికి పోతాయన్నదే అసలు సంఖ్య. మీరిచ్చిన కొలతలున్న ఇంటికి అది సుమారుగా ఇలా వస్తుంది:

- గోడలు: కిటికీలు తీసేస్తే 200 చ.మీ., చెక్క దూలాల నష్టం కూడా కలిపి ఆర్-30 అనుకుంటే 38 వాట్లు
- ఆటిక్: 102 చ.మీ., ఆర్-60, 10 వాట్లు
- కిటికీలు: 28 చ.మీ., యూ విలువ (చదరపు మీటరుకు, డిగ్రీకి పోయే వాట్లు) 1.1, 31 వాట్లు
- తలుపులు: 5 వాట్లు
- బేస్‌మెంట్ గోడలు, నేల: 25 వాట్లు
- సందుల్లోంచి దూరే గాలి: 13 వాట్లు
- హెచ్‌ఆర్‌వీ వెనక్కి పట్టుకోలేకపోయిన వేడి: 10 వాట్లు

మొత్తం 132 వాట్లు. కిటికీలు 28 చదరపు మీటర్లే అయినా, 200 చదరపు మీటర్ల గోడలు పోగొట్టేంత వేడిని దాదాపుగా అవే పోగొడుతున్నాయి, గమనించండి. మీ పాత ఇంటిలాంటి దానికి ఇదే లెక్క వేస్తే 300–350 వాట్లు ఉంటుంది.

ఇప్పుడు వచ్చేది చూద్దాం. నలుగురు మనుషులు, ఫ్రిజ్, లైట్లు, టీవీ, పొయ్యి, వేడినీళ్ల ట్యాంకు అన్నీ కలిసి రోజు సగటున 1,050 వాట్ల వేడి ఇంట్లోనే పుడుతుంది. దాన్ని 132తో భాగిస్తే 8. అంటే ఎండ అసలు లేకపోయినా, బయటికంటే లోపల 8 డిగ్రీలు ఎక్కువ ఉంచడానికి ఫర్నేస్ అక్కర్లేదు. దక్షిణపు కిటికీలు 10 చదరపు మీటర్లున్నాయనుకుందాం. మబ్బు లేని అక్టోబర్ రోజున వాటిలోంచి 16 కిలోవాట్ అవర్లు లోపలికొస్తాయి. మీ ఫర్నేస్ తక్కువ స్టేజ్‌లో గంటన్నర తిరిగితే వచ్చే వేడి అది. రోజంతటికీ పరిస్తే 670 వాట్లు. అది కూడా కలిపితే తేడా 13 డిగ్రీలవుతుంది. లోపల 21 కావాలంటే బయట రోజు సగటు 8 డిగ్రీలున్నా చాలు. మీ దగ్గర పగలు 14–15, రాత్రి 2–3, అంటే సగటు 8–9. సరిగ్గా ఆ అంచు మీద ఉన్నారు. దీన్నే బ్యాలెన్స్ పాయింట్ అంటారు. రెండు రోజులు వరసగా మబ్బు పట్టి పగలు కూడా 5 దాటకపోతే ఫర్నేస్ తనంతట తనే వెలుగుతుంది.

రాత్రి సంగతి వేరుగా చూడాలి. ఎండ లేదు, పొయ్యి లేదు, నిద్రపోయే నలుగురూ ఫ్రిజ్ లాంటివీ కలిపి 600 వాట్లే. బయట 3, లోపల 21 అయితే పోయేది 18 × 132, దాదాపు 2,400 వాట్లు. లోటు 1,800. తొమ్మిది గంటలకు 16 కిలోవాట్ అవర్లు. ఆ లోటును తీర్చేది ఇంట్లోని సామాను బరువే: డ్రైవాల్ (గోడల జిప్సం పలకలు), చెక్క, ఫర్నిచర్, బేస్‌మెంట్ కాంక్రీటు. ఈ సైజు ఇంట్లో అవన్నీ ఒక డిగ్రీ చల్లబడితే 7 కిలోవాట్ అవర్ల దాకా ఇస్తాయి. 16ని 7తో భాగిస్తే 2.3. సాయంత్రం 22.5, పొద్దున 20.5 అన్నారు కదా, లెక్కకు దగ్గరగానే ఉంది. పాత ఇంట్లో అదే రాత్రి ఫర్నేస్ ఆపేస్తే ఏడెనిమిది డిగ్రీలు పడిపోయేది.

ఇది మీ ఇంటికి మీరే కొలుచుకోవచ్చు. గాలి లేని, నిలకడగా చల్లగా ఉన్న రాత్రి చూసుకుని 11కీ, పొద్దున 6కీ లోపల బయట రెండు చోట్లా రాసుకోండి. నాలుగైదు రాత్రులు రాశాక ఎన్ని డిగ్రీల తేడాకు గంటకెంత దిగుతోందో తేలుతుంది. ఆ అంకె మూడేళ్ల తర్వాత పెరిగితే ఎక్కడో సీలు ఊడిందని అర్థం.

ఇలాంటి ఇళ్లు నిన్నా మొన్నా పుట్టినవీ కావు. పక్క ప్రావిన్స్‌లోనే, రెజీనాలో 1977లో సస్కచ్వాన్ కన్సర్వేషన్ హౌస్ కట్టారు. గోడల్లో సుమారు ఆర్-40, పైన ఆర్-60, గాలి మార్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ కూడా. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో లేచిన మొదటి పాసివ్‌హౌస్‌కు దారి చూపిన వాటిలో అదొకటి.

గాలిమర:

తూకం గారి లెక్క బాగుంది. నా దృష్టిలో మీ పోస్టులో అసలు పట్టించుకోవాల్సింది 3, 4 ప్రశ్నలు. రెండిటికీ మూలం ఒకటే కావచ్చు.

ముందు కిటికీలు. చెమ్మ ఎక్కడ పట్టిందన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది.

బయటి అద్దం మీద బయటివైపు పడితే కిటికీ బాగా పనిచేస్తోందని అర్థం. మబ్బు లేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికంటే చల్లబడుతుంది. మామూలు కిటికీ అయితే లోపలి వేడి కారిపోయి బయటి అద్దాన్ని వెచ్చగా ఉంచుతుంది. మీ మూడు అద్దాల్లోంచి అంత వేడి దాటదు కాబట్టి బయటి అద్దం చల్లగా ఉండి మంచు పడుతుంది. ఎండ తగలగానే పోతుంది. చూరు నీడ లేని కిటికీలకే ఇది ఎక్కువ, అందుకే కొన్నిటికి పట్టి కొన్నిటికి పట్టట్లేదు.

అద్దాల మధ్యలో పడితే సీలు పోయినట్టు. వారంటీ కింద అద్దం మార్పించాలి. వేలితో లోపలా బయటా రెండు వైపులా తుడిచి చూడండి. ఎటు తుడిచినా పోకపోతే మధ్యలోదే.

లోపలివైపు అడుగున పడితే గదిలో తేమ ఎక్కువైనట్టు. 21 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే 10 డిగ్రీల ఉపరితలం మీద నీళ్లు పడతాయి. 40 శాతం ఉంటే 7 డిగ్రీల మీద, 30 ఉంటే 3 డిగ్రీల మీద. మూడు అద్దాల కిటికీలో కూడా అంచులు నడిమధ్యకంటే చాలా చల్లగా ఉంటాయి. పైగా రాత్రి మందపాటి కర్టెన్ పూర్తిగా దించేస్తే గది వేడి అద్దానికి తగలదు, అంచు ఇంకా చల్లబడుతుంది. బ్లైండ్లు అడుగున రెండు అంగుళాలు వదిలి దించండి.

15–20 డాలర్ల హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) ఒకటి కొని బెడ్‌రూమ్‌లో పెట్టండి. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, గిన్నెలు కలిపి రోజుకు 10 లీటర్ల నీరు గాల్లో కలుస్తుంది. కొత్త ఇల్లు కాబట్టి కాంక్రీటు, చెక్క కూడా మొదటి ఏడాదంతా ఆరుతూనే ఉంటాయి. పాత ఇంట్లో ఇదంతా సందుల్లోంచి పోయేది. మీ ఇంట్లో అది హెచ్‌ఆర్‌వీ ద్వారానే పోవాలి.

రెండు విషయాలు చూసి చెప్పండి. ఒకటి, గోడ మీది కంట్రోల్‌లో హెచ్‌ఆర్‌వీ ఏ సెట్టింగ్‌లో ఉంది. రెండు, హెచ్‌ఆర్‌వీ తెచ్చే తాజా గాలి ఎక్కడికెళ్తోంది. ప్రతి బెడ్‌రూమ్‌కీ విడిగా పైపు ఉందా, లేక ఫర్నేస్ రిటర్న్ డక్ట్‌లో (గదుల గాలి ఫర్నేస్‌కు తిరిగొచ్చే గొట్టం) కలిపేశారా?

ఫర్నేస్‌కు పక్కన గాల్లో తేమ పెంచే హ్యుమిడిఫయర్ తగిలించి ఉంటే దాన్ని వెంటనే ఆపేయండి. ఈ ఊళ్లో చాలామంది బిల్డర్లు అడక్కుండానే పెడతారు. తేమ 30 శాతం కిందికి దిగేదాకా దానితో పని లేదు.

చినూక్:

రెండో ప్రశ్నకు: 16కి తగ్గించి లాభం లేదు.

ఈ వాతావరణంలో రాత్రంతా ఆపేసినా మీ ఇల్లు 20 దగ్గరే ఆగుతోంది. 16 పెట్టినా 18 పెట్టినా ఫర్నేస్ వెలగదు, తేడా సున్నా. జనవరిలో బయట మైనస్ 20 ఉన్నప్పుడు చూద్దాం: 132 × 41, దాదాపు 5,400 వాట్లు పోతాయి, 600 లోపల పుడతాయి, గంటకు 0.7 డిగ్రీ దిగుతుంది. 2 డిగ్రీలు తగ్గిస్తే మూడు గంటల్లో అక్కడికి చేరి, మళ్లీ ఫర్నేస్ మామూలుగానే తిరుగుతుంది. రోజు మొత్తం మీద మిగిలేది ఒకటిన్నర శాతం గ్యాస్. నిద్రకు చల్లగా ఉంటే హాయి అనుకుంటే 19 పెట్టుకోండి. 16 వద్దు. గోడ మూలలు, కిటికీ అంచులు చల్లబడి చెమ్మ పెరుగుతుంది. హీట్ పంప్ ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త: పొద్దున 2 డిగ్రీలు పైకి లాగాలంటే ఇంటి సామానుకే 14 కిలోవాట్ అవర్లు కావాలి, తొందరలో బ్యాకప్ హీటర్ వెలిగి రాత్రి మిగిలిందంతా తినేస్తుంది.

మీ ఫర్నేస్ గురించి ఒక మాట. కాల్గరీకి డిజైన్ ఉష్ణోగ్రత (హీటింగ్ సైజు లెక్కకు తీసుకునే గట్టి చలి) మైనస్ 30. అప్పుడు కూడా మీ ఇంటికి కావాల్సింది 132 × 51, అంటే 6.7 కిలోవాట్లు, 23,000 బీటీయూ. మీకున్నది 60,000ది. తక్కువ స్టేజ్‌లోనే 37,000 బీటీయూ ఇస్తుంది. అంటే ఎంత చలిలోనూ రెండో స్టేజ్ అవసరం రాదు. కొన్ని ఫర్నేస్‌లు పది నిమిషాల టైమర్ మీద రెండో స్టేజ్‌కి ఎక్కేస్తాయి. దాన్ని థర్మోస్టాట్ ఆధీనంలోకి మార్పించండి, లేదా టైమర్ గరిష్ఠానికి పెట్టించండి. థర్మోస్టాట్‌లో ఫర్నేస్ గంటకు ఎన్నిసార్లు వెలగాలన్న (సైకిళ్ల) సంఖ్య 2–3కి తగ్గించండి. లేకపోతే నాలుగు నిమిషాలు వెలిగి ఆరిపోతూ ఉంటుంది. ఇగ్నైటర్ తొందరగా పోతుంది, దూరంగా ఉన్న గదులకు వేడి చేరకముందే ఆగిపోతుంది. ఇంకా కట్టించుకోబోయేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఫర్నేస్ సైజు ఖాయం చేసేముందు సీఎస్‌ఏ ఎఫ్280 (ఇంటికి ఎంత హీటింగ్ కావాలో తేల్చే కెనడా ప్రమాణం) లెక్క కాగితం బిల్డర్‌ను అడగండి. చదరపు అడుగుకు ఇంత అని నోటి లెక్క చెబితే ఒప్పుకోవద్దు.

అవసరం లేకపోయినా ఈ వారంలో ఒకసారి ఫర్నేస్ వెలిగించి చూడండి. మొదటి మైనస్ 20 రాత్రి పాడైందని తెలిస్తే మెకానిక్ దొరకడు. వేసవిలో ఏసీ వాడి ఉంటే ముందు మోడ్ 'హీట్'లో ఉందో లేదో చూసుకుని, థర్మోస్టాట్ 24కి పెంచండి. మొదట చిన్న ఫ్యాన్ శబ్దం, తర్వాత ఇగ్నైటర్ ఎర్రబడటం, మంట, ఓ నిమిషంలోపు పెద్ద ఫ్యాన్. పదిహేను నిమిషాలు తిరగనిచ్చి కింద డ్రెయిన్ గొట్టంలోంచి నీళ్లు సాఫీగా పోతున్నాయా చూడండి. మొదటిసారి దుమ్ము కాలిన వాసన కాసేపు వస్తుంది, అది మామూలే. ఫిల్టర్ మాత్రం ముందే మార్చండి, కొత్త ఇళ్లలో డ్రైవాల్ పొడితో నెలల్లోనే మూసుకుపోతుంది. బయట గోడలోంచి వచ్చే రెండు తెల్ల ప్లాస్టిక్ పైపుల చుట్టూ ఆకులు, గూళ్లు లేకుండా చూసుకోండి. చలికాలంలో అక్కడ మంచు గుట్టలు పడకూడదు.

కొత్తగూడు:

అందరికీ ధన్యవాదాలు. చూశానండీ. బెడ్‌రూమ్‌లో పొద్దున తేమ 54 శాతం ఉంది, హాల్లో 47. హెచ్‌ఆర్‌వీ గంటకు 20 నిమిషాల సెట్టింగ్‌లో ఉంది. బెడ్‌రూమ్‌లకు విడిగా పైపులు లేవు, ఫర్నేస్ రిటర్న్‌లోకే కలిపారు. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ 'ఆటో'లో ఉంది. హ్యుమిడిఫయర్ 35 శాతం మీద ఉంటే ఆపేశాను.

హెచ్‌ఆర్‌వీ 24 గంటలూ తిప్పితే ఇంత కష్టపడి దాచిన వేడి అంతా బయటికి పోదా? కిటికీ ఒక గంట తీస్తే సరిపోదా? వంటకు చిమ్నీ హుడ్ పెట్టినప్పుడు ముందు తలుపును బయటికి తెరవడానికి గట్టిగా నెట్టాల్సి వస్తోంది, అది కూడా దీనికి సంబంధించిందేనా?

గాలిమర:

అనుకున్నదే. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదీ: హెచ్‌ఆర్‌వీ తాజా గాలిని ఫర్నేస్ రిటర్న్ డక్ట్‌లో పోస్తోంది. దాన్ని గదుల్లోకి నెట్టాల్సింది ఫర్నేస్ ఫ్యాన్. ఫ్యాన్ 'ఆటో'లో ఉంది కాబట్టి ఫర్నేస్ వెలిగితేనే తిరుగుతుంది. ఇల్లు బాగా వేడి పట్టుకుంటోంది కాబట్టి ఫర్నేస్ వెలగట్లేదు. దాంతో తాజా గాలి పైఅంతస్తు బెడ్‌రూమ్‌ల దాకా రావట్లేదు. తలుపేసుకుని ఇద్దరు పడుకున్న గదిలో ఇలాంటప్పుడు కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎం దాటడం మామూలే. మీరు చెప్పిన బరువు అదే. చలి ముదిరి ఫర్నేస్ తిరగడం మొదలయ్యాక చాలావరకు తగ్గిపోతుంది కూడా. అందుకే కాస్త చల్లగా ఉండే ఈ వసంత, శరత్కాలాల్లోనే ఈ బాధ ఎక్కువ, ఇల్లు ఎంత మంచిదైతే అంత ఎక్కువ.

సరిచేసే పద్ధతి: హెచ్‌ఆర్‌వీ తిరిగినప్పుడల్లా ఫర్నేస్ ఫ్యాన్ తక్కువ వేగంతో తిరిగేలా ఇంటర్‌లాక్ వైరింగ్ ఉండాలి. హెచ్‌ఆర్‌వీ కంట్రోల్ బోర్డ్ నుంచి ఫర్నేస్ బోర్డులో ఫ్యాన్‌ను తిప్పించే జీ టెర్మినల్‌కు రెండు తీగల పని. కొత్త ఇల్లు కాబట్టి బిల్డర్ వారంటీలోనే అడగండి, ముందు ఉందో లేదో చూడమనండి. అది అయ్యేదాకా థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ను 'ఆన్'లో ఉంచండి. దక్షిణపు గదుల్లో ఎండ వేడి ఉత్తరపు గదులకు కూడా పంచుకుంటుంది, అదొక లాభం. ఈసీఎం మోటారు (తక్కువ కరెంటుతో తిరిగే రకం) తక్కువ వేగంలో 100 వాట్ల లోపే తింటుంది. రాత్రి బెడ్‌రూమ్ తలుపు కింద సందును బట్టలతో మూయకండి, తిరుగు గాలికి అదే దారి.

హెచ్‌ఆర్‌వీ ఎంత వేడి పోగొడుతుందంటారా? సెకనుకు 35 లీటర్లు తిప్పారనుకోండి, బయట 0 డిగ్రీలుంటే, వేడి పట్టుకోకుండా వదిలితే 880 వాట్లు పోవాలి. 75 శాతం పట్టుకుంటే పోయేది 220. నెలంతా అదే వాతావరణమైతే 0.6 గిగాజౌల్ గ్యాస్. అంతే. దానికి బదులు ఏం వస్తుందో చూడండి: బయట 3 డిగ్రీలు, లోపల 45 శాతం తేమ ఉన్నప్పుడు ఆ 35 లీటర్ల గాలి రోజుకు 12 లీటర్ల నీటిని బయటికి మోసుకెళ్తుంది. గంటకు 20 నిమిషాలు తిప్పితే 4 లీటర్లే. మీరు పుట్టించేది 10, పైగా కొత్త ఇంటి తడి. 54 శాతం అందుకే వచ్చింది.

కిటికీ తీయడం తప్పు కాదు. ఈ వాతావరణంలో ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు తీస్తే గాలి మారిపోతుంది, గోడలు చల్లబడవు. కానీ తెల్లవారుజామున మూడింటికి తీసేదెవరు? బెడ్‌రూమ్‌కు గాలి కావాల్సింది అప్పుడే. మైనస్ 20లో అయితే కిటికీ చట్రం మీద మంచు కట్టి తిరిగి మూసుకోకపోవచ్చు కూడా.

ఈ చలికాలం ఇలా నడపండి: ఇప్పటినుంచి హెచ్‌ఆర్‌వీ తక్కువ వేగంలో 24 గంటలు. స్నానం, వంట అప్పుడు బూస్ట్ 20 నిమిషాలు. తేమ లక్ష్యం బయట 0 ఉంటే 40 శాతం లోపు, మైనస్ 10కి 35, మైనస్ 20కి 25–30, మైనస్ 30కి 20. చలి పెరిగేకొద్దీ బయటి గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి డిసెంబర్ నాటికి మీకు వ్యతిరేక సమస్య వస్తుంది, పెదవులు పగులుతాయి. అప్పుడు గంటకు 20 లేదా 30 నిమిషాల సెట్టింగ్‌కు దిగండి, పూర్తిగా ఆపొద్దు. బట్టలు ఇంట్లో ఆరేయడం ఇప్పుడు వద్దు, అప్పుడు భేషుగ్గా ఆరేయొచ్చు.

హెచ్‌ఆర్‌వీ ఫిల్టర్లు రెండు మూడు నెలలకోసారి కడగండి. బయటి గాలి లాక్కునే హుడ్ జాలీ తప్పక చూడండి: జూన్‌లో పాప్లర్ దూది దానికి పట్టి సగం మూసేసి ఉంటుంది, చలికాలం దాకా ఎవరూ చూడరు. లోపలికొచ్చే గాలి తగ్గి బయటికిపోయేది ఎక్కువైతే తూకం తప్పుతుంది. డ్రెయిన్ గొట్టం ఒక చుట్టు తిరిగి ఉంటుంది, అందులో కాసిని నీళ్లు పోసి ఉంచండి, లేకపోతే మురుగు వాసన లాక్కుంటుంది. మైనస్ 5 చుట్టుపక్కల నుంచి చాలా మోడళ్లు మధ్యమధ్యలో డీఫ్రాస్ట్‌లోకి వెళ్లి శబ్దం మారుస్తాయి. పాడైందని కంగారు పడకండి.

తూకం:

తలుపు బిగుసుకోవడానికి కారణం హుడ్డే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దండీ.

మీ ఇంటి ఘనపరిమాణం బేస్‌మెంట్‌తో కలిపి 800 ఘనపు మీటర్లు. 1.0 ఏసీహెచ్50 అంటే 50 పాస్కల్ ఒత్తిడి తేడా పెడితే అన్ని సందుల్లోంచీ కలిపి సెకనుకు 220 లీటర్ల గాలి దూరుతుందని. వంటింటి హుడ్ గట్టిగా పెడితే 150 లీటర్లు, అంటే 300 సీఎఫ్‌ఎంకు (నిమిషానికి ఘనపుటడుగులు) కాస్త పైన, బయటికి లాగుతుంది. అంత గాలి సందుల్లోంచి రావాలంటే ఇంట్లో ఒత్తిడి 25 పాస్కల్‌కు పైగా పడాలి. పొగగొట్టం సహజంగా పైకి లాగే పాతరకం వాటర్ హీటర్‌కు 5 పాస్కలే హద్దు. అది దాటితే పొగ, కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి ఇంట్లోకి రావచ్చు. మీ ఫర్నేస్ తెల్ల పైపులదైతే బయటి గాలే వాడుకుంటుంది, భయం లేదు. వాటర్ హీటర్, గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఎలాంటివో చూడండి. వాటర్ హీటర్ పైన రేకు గొట్టం, దాని అడుగున గొడుగులాంటి మూత, మధ్యలో ఖాళీ కనిపిస్తే అది సహజంగా లాగే రకం. ఇంత బిగుతైన ఇంట్లో దాన్ని ఉండనివ్వకూడదు.

తాలింపు వేసేటప్పుడు, మిరపకాయలు వేయించేటప్పుడు హుడ్ మానేయమని కాదు. పొయ్యి వెలిగించేముందు తక్కువ వేగంలో మొదలుపెట్టి, వెనక బర్నర్ల మీద తాలింపు వేసి, దించాక పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. ముందు బర్నర్ల ఆవిరి సగం హుడ్ అంచు దాటి హాల్లోకి పోతుంది. ఎక్కువ వేగం కావాల్సినప్పుడు వంటింటి దగ్గరి కిటికీ రెండు అంగుళాలు తీయండి. మైనస్ 20లో కూడా ఇరవై నిమిషాలకు పోయేది రెండున్నర కిలోవాట్ అవర్లు, దానికి వెనకాడొద్దు. శాశ్వతంగా కావాలంటే హుడ్‌తో పాటు తెరుచుకునే మోటారు డ్యాంపర్ (మూత) ఉన్న మేకప్ ఎయిర్ పైపు (పోయిన గాలికి బదులు బయటి గాలిని తెచ్చేది), అందులోకి వచ్చే గాలిని వేడి చేసే చిన్న హీటర్ పెట్టించుకోవచ్చు.

ఇంట్లో ఒత్తిడి పడితే నేలలోంచి రేడాన్ (రేడియోధార్మిక వాయువు) కూడా ఎక్కువ లాగుతుంది. కాల్గరీ చుట్టుపక్కల రేడాన్ ఎక్కువే. కిటికీలు మూసి ఉండే ఈ కాలంలోనే కనీసం మూడు నెలలు ఉంచే టెస్ట్ కిట్, ఇంట్లో మీరు ఎక్కువసేపు గడిపే అంతస్తుల్లో అన్నిటికంటే కిందిదానిలో పెట్టండి. హెల్త్ కెనడా హద్దు ఘనపు మీటరుకు 200 బెకరెల్. కొత్త ఇళ్లలో బేస్‌మెంట్ నేలలో మూత పెట్టిన పైపు ఒకటి వదిలి ఉంటారు. హద్దు దాటితే దానికే ఫ్యాన్ బిగిస్తే పని అయిపోతుంది.

చినూక్:

ఇంకొక్కటి, ఆటిక్. ఆర్-60 ఉంది కదా అని ఎవరూ పైకి ఎక్కి చూడరు. గాలి ఆగకుండా ఇన్సులేషన్ ఎంత మందం వేసినా, ఉన్ని స్వెట్టర్ వేసుకుని తెల్లవారుజామున స్కూటర్ మీద వెళ్లినట్టే. లైట్ల డబ్బాలు, బాత్రూమ్ ఫ్యాన్ చుట్టూ, ఆటిక్ మూత అంచు, గోడలపై వైర్లు వెళ్లే రంధ్రాలు: లోపలి తడి గాలి వీటిలోంచే పైకి పోతుంది. మైనస్ 25 వారంలో అది పైకప్పు చెక్క అడుగున, మేకుల మొనల మీద తెల్లగా మంచు కడుతుంది. అప్పుడేం తెలియదు. చినూక్ అనే వెచ్చని పడమటి గాలి వీచి ఒక్క మధ్యాహ్నంలో 8–10 డిగ్రీలకు ఎక్కేసరికి అంతా కరిగి సీలింగ్ మీద గోధుమరంగు మరకలు వేస్తుంది. జనం రూఫ్ కారుతోందనుకుని రూఫింగ్ వాళ్లను పిలుస్తారు.

కాబట్టి మొదటి గట్టి చలి వారం తర్వాత, చినూక్ రాకముందు, ఆటిక్ మూత తీసి టార్చ్ వేసి చూడండి. చెక్క మీద పల్చగా అక్కడక్కడా ఉంటే ఫర్వాలేదు. ఒకచోట దట్టంగా ఉంటే దాని కిందే రంధ్రం ఉంది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఊడిపోయి ఆటిక్‌లోకే వదులుతోందేమో ముందు అది చూడండి. మూత అంచున రబ్బరు పట్టీ పూర్తిగా అతుక్కుని ఉండాలి, మూత మీద కూడా ఇన్సులేషన్ ఉండాలి. రంధ్రాలకు నురగ లేదా అకౌస్టిక్ సీలెంట్, తర్వాత తోసిన సెల్యులోజ్‌ను తిరిగి సమంగా పరచడం. తేమ 54 నుంచి 40కి దిగితే ఈ మంచు కూడా పావు వంతు దాకా తగ్గుతుంది.

జనవరి బిల్లు వచ్చాక వేసవి నెల గ్యాస్ తీసేసి మిగిలింది చూడండి. తూకం గారి 132 నిజమైతే, సగటు మైనస్ 8 ఉన్న నెలకు 6–7 గిగాజౌల్స్ దగ్గర ఉండాలి. 10 దాటితే ఇక్కడే రాయండి, ఎక్కడ పోతోందో వెతుకుదాం.